డోర్నియర్ 215 గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డోర్నియర్ 215 గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 వేసవిలో, తమరికి పట్టిన యోగం మరే జర్మన్ విమానానికీ పట్టలేదండీ. ఇంగ్లండ్ మీద సన్నటి ఒళ్ళు, జంట తోక ఉన్న బాంబర్ కనిపిస్తే చాలు, బ్రిటిష్ పైలట్లు కిందికి దిగి రిపోర్టులో తమరి పేరు రాసేవాళ్ళు. నిజానికి మీరు పుట్టిందే సుమారు వంద మంది. స్వీడన్ ఆర్డరిస్తే తయారై, యుద్ధం రాగానే జర్మనీ ఇవ్వనంటే పుట్టింట్లోనే ఉండిపోయిన బాపతు. తమరి ఉద్యోగం కూడా చాలావరకు పైనుంచి ఫొటోలు తీయడమే. బాంబులు మోసే చాకిరీ మీ అన్నగారు డోర్నియర్ 17జెడ్‌ది. చచ్చేది ఆయన, పేరు మీది!

తేడా పెద్ద రహస్యమేం కాదు. ఆయన ఇంజన్లు గుండ్రటి మూతివి, బ్రామో వాళ్ళవి. మీవి కోసుగా ఉండే డైమ్లర్ బెంజ్. అయినా వెనకనుంచి తరుముతూ, అవతలివాడు మెషిన్‌గన్‌తో కాలుస్తుంటే, ముందుకెళ్ళి మూతి చూసొచ్చే తీరిక ఎవరికుంటుంది? పైలట్లను నేనేమీ అనను. ఆ రిపోర్టును ఎనభై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని కాపీ కొడుతున్న పెద్దమనుషుల మీదే నా గొడవ.

1940 ఆగస్టు 18 సంగతే చూడండి. ఆదివారం మధ్యాహ్నం లండన్‌కు దక్షిణాన ఉన్న కెన్లీ ఎయిర్‌ఫీల్డ్ మీద దాడి. వచ్చింది జర్మన్ల 76వ బాంబర్ దండు. కాగితం మీద ప్లాన్ ముచ్చటగా ఉంది. ముందు యుంకర్స్ 88 అనే వేరే రకం బాంబర్లు నిటారుగా దిగి బాంబులేయాలి, అయిదు నిమిషాలకు 27 డోర్నియర్ 17లు ఎత్తునుంచి వేయాలి, మరో అయిదు నిమిషాలకు తొమ్మిదో స్టాఫెల్ (స్టాఫెల్ అంటే దండులో ఒక చిన్న దళం) తొమ్మిది డోర్నియర్లతో చెట్లను రాసుకుంటూ వచ్చి మిగిలింది ముగించాలి. మబ్బుల వల్ల పైవాళ్ళకు ఆలస్యమైంది. చివర రావలసిన తొమ్మిదిమందీ రైలు పట్టాలు చూసుకుంటూ అందరికంటే ముందు దిగబడ్డారు. కింద కాపలావాళ్ళు రాకెట్లతో ఇనప తీగలు పైకి వదిలారు, ఆ తీగలు పారాచూట్లకు వేలాడుతూ విమానాల దారికి అడ్డం పడ్డాయి. తొమ్మిదింట్లో నాలుగు పోయాయి.

మరి యుంకర్స్ 88లు? వాళ్ళొచ్చేసరికి కెన్లీ పొగలో మునిగిపోయి ఉంది. గురి కుదరక వెస్ట్ మాలింగ్ అనే మరో ఎయిర్‌ఫీల్డ్ వైపు వెళ్ళారు. అంటే ఆర్డరు కాగితం నమ్మినవాడు వాళ్ళను కెన్లీ ఖాతాలో వేస్తాడు, పైలట్ రిపోర్టుల్లో పడిన పేరు నమ్మినవాడు మిమ్మల్ని వేస్తాడు. పని చేసినవాడు మాత్రం పొలంలో కాలిపోయి పడి ఉన్నాడు!

ఆ పడ్డవాణ్ణే అడిగితే సరిపోయేది. బిగిన్ హిల్ దగ్గర లీవ్స్ గ్రీన్‌లో కూలిన విమానం మీద ఎఫ్1 ప్లస్ డీటీ అని ఉంది. ఎఫ్1 అంటే 76వ దండు. డీ ఆ విమానం సొంత అక్షరం. చివరి టీ అంటే తొమ్మిదో స్టాఫెల్. నాలుగు గుర్తుల్లో ఇంటిపేరు, పేరు, వీధి అన్నీ ఉన్నాయి. స్టాఫెల్ కెప్టెన్ రోత్ కూడా అందులోనే దొరికాడు. దాన్ని బ్రిటిష్ హరికేన్ ఫైటర్లు తరిమాయి, నేలమీద హోమ్ గార్డు అనే వాలంటీర్ దళంవాళ్ళు తుపాకులతో కాల్చారు. ఎవరు కూల్చారంటే అందరూ చెయ్యెత్తేవాళ్ళే. ఏం కూలిందంటే మాత్రం తలో మాట.

ఒకే పిట్టకు పదిమంది వేటగాళ్ళు లెక్క చెబితే ఎలా ఉంటుందో సెప్టెంబరు 15న తేలింది. ఆ రోజు 185 జర్మన్ విమానాలు కూల్చామని లండన్ ప్రకటించింది. తర్వాత జర్మన్ల నష్టాల పట్టీ తెరిస్తే అరవై దరిదాపుల్లో ఉంది. ఆ పట్టీ రాసినవాడికి దేశభక్తి పొంగలేదని కాదు, కొత్త విమానం కావాలంటే పోయినదాని నంబరు నిజం రాయాలి మరి. స్టోర్స్ గుమాస్తాకున్న నిజాయితీ వీరులకు ఉండదు లెండి.

అందుకని మనవి. కెన్లీలో మిమ్మల్ని చూశామని ఎవరైనా అంటే, ఇంజన్ మూతి ఎలా ఉందో, చివరి అక్షరం ఏమిటో, ఆ వారం నష్టాల పట్టీలో తమరి నంబరు ఉందో లేదో అడగండి. మూడూ చెప్పలేకపోతే పరువు నష్టం దావా వేయండి. సాక్షిగా మీ అన్నగారి బూడిద ఉంది.

ఇట్లు,
తమరి శ్రేయోభిలాషి

తా.క.: తమరే నయం, కనీసం పుట్టారు. హైంకెల్ 113 అని ఒకాయన ఉన్నాడు, అసలు పుట్టనేలేదు. కాసిన్ని హైంకెల్ 100 ఫైటర్లకు రకరకాల గుర్తులు వేసి, రంగులు మార్చి ఫొటోలు తీసి జర్మన్లు ప్రచారంలోకి వదిలారు. ఆయన్ను గాలిలో చూశామని, కూల్చామని కూడా బ్రిటిష్ పైలట్లు రాసిచ్చారు. ఆయనకూ ఒక లేఖ రాద్దామని ఉంది, అడ్రసు తెలిస్తే పంపించగలరు.