అనూతాయి పనిని త్యాగం అనడం ఆపాలి

అంగన్‌వాడీ అనగానే మనకు గుర్తొచ్చేవి కోడిగుడ్డు, పాల ప్యాకెట్, బాలామృతం, టీకాల రోజు వచ్చే ఏఎన్ఎం. మూడేళ్ల పిల్లలకు అదొక బడి అన్న సంగతి ఎప్పుడో ఆఖర్న తడుతుంది. కానీ అది పుట్టింది బడిగానే. మహారాష్ట్రలో, గుజరాత్ సరిహద్దుకు దగ్గరగా, డహాణు తాలూకాలో బోర్డీ అని ఒక సముద్రతీర గ్రామం ఉంది. 1945లో అక్కడ ఇద్దరు ఆడవాళ్లు పల్లెటూరి పిల్లల కోసం బాలవాడి, అంటే చిన్నపిల్లల ఆటపాటల బడి, మొదలుపెట్టారు. పెద్దావిడ తారాబాయి మోడక్, అప్పటికే దేశంలో పేరున్న విద్యావేత్త. ఆమె పిలుపు మీద వచ్చిన టీచర్ అనూతాయి వాఘ్. ఈ రెండో ఆవిడ గురించి మన దగ్గర మాట్లాడుకున్నది చాలా తక్కువ. మాట్లాడినా త్యాగమూర్తి, సేవామూర్తి, ఆదివాసీ పిల్లల తల్లి అని దండేసి ఊరుకుంటాం. నా పేచీ ఆ దండతోనే.

అనూతాయి 1910 మార్చి 17న పుణె జిల్లా మోర్‌గావ్‌లో పుట్టారు. పదమూడో ఏట పెళ్లి చేశారు. ఆరు నెలలకే భర్త పోయాడు. ఆ రోజుల్లో బాలవితంతువు బతుకు ఎలా ఉండేదో మన ఇళ్లలో పెద్దవాళ్ల మాటలు విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆమె చదువు పట్టుకున్నారు. 1929లో టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి నాసిక్ జిల్లా చాంద్‌వడ్‌లో కొన్నేళ్లు, ఆ తర్వాత పుణెలోని హుజూర్‌పాగా బాలికల పాఠశాలలో పదేళ్లకు పైగా పనిచేశారు. పగలు పాఠాలు చెప్పి, రాత్రి బడికి వెళ్లి 1937లో మెట్రిక్ పాసయ్యారు. బీఏ పట్టా చేతికొచ్చేసరికి వయసు యాభై దాటింది. బోర్డీకి వచ్చేనాటికి ఆమెకు 35 ఏళ్లు, వెనక పదిహేనేళ్లకు మించిన తరగతి గది అనుభవం. సేవ చేద్దామని ఉత్త చేతులతో బయల్దేరిన మనిషి కాదామె. పనిలో ఆరితేరిన టీచర్.

తారాబాయి దారి ఇంకో రకం. ముంబయిలో, ప్రార్థనా సమాజం అనే సంస్కరణ సంఘానికి చెందిన కుటుంబంలో పుట్టి, గుజరాత్‌లోని భావ్‌నగర్ దక్షిణామూర్తి సంస్థలో విద్యావేత్త గిజుభాయి బధేకాతో కలిసి పనిచేశారు. పిల్లలు వస్తువులతో తమంతట తాము పనిచేస్తూ నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతిని మన పిల్లలకు తగ్గట్టు మలచిన మొదటి తరం వాళ్లది. అయితే ఆ తరానికి ఒక చిక్కు ఉండేది. మాంటిస్సోరి సామాగ్రి ఖరీదు ఎక్కువ, బాలమందిరాలు పట్నాల్లో ఉండేవి, వచ్చేది కలిగినవాళ్ల పిల్లలు. పద్ధతి మంచిదే, పల్లెకు అందేది కాదు. ఈ ముడి విప్పడానికే తారాబాయి బోర్డీ వచ్చారు.

వచ్చాక అసలు సంగతి అర్థమైంది. బాలవాడి తెరిచి కూర్చుంటే ఊళ్లో మంచి ఇళ్ల పిల్లలే వచ్చారు. దళిత వాడల నుంచి, ఆదివాసీ గూడేల నుంచి పిల్లలు రాలేదు. రమ్మని కబురు పెడితే వచ్చే పరిస్థితీ కాదు. కులం అడ్డం, పని అడ్డం, భయం అడ్డం. అప్పుడు టీచర్లే వాడల్లోకి నడిచారు. ఎవరిదో ఒక ఇంటి వాకిట్లో, చెట్టు నీడన పిల్లల్ని పోగేసి ఆటలు, పాటలు, కథలు మొదలుపెట్టారు. అంగణం అంటే వాకిలి; వాకిట్లో నడిచిన ఆ బాలవాడే అంగన్‌వాడీ. ఇవాళ దేశంలో 13 లక్షలకు పైగా కేంద్రాలకు ఉన్న పేరు అక్కడిదే.

1950ల నడుమ వీళ్ల పని బోర్డీ నుంచి దగ్గర్లోని కోస్‌బాడ్ కొండ మీదికి మారింది. అక్కడ చుట్టూ వార్లీ ఆదివాసీల గూడేలు. భూస్వాముల దగ్గర వెట్టి చేసి చేసి, 1945లోనే కమ్యూనిస్టు నాయకురాలు గోదావరి పరులేకర్ లాంటివాళ్ల నాయకత్వంలో తిరగబడిన జనం. ఆ ఇళ్లలో ఎనిమిదేళ్ల ఆడపిల్ల చంకలో ఎప్పుడూ ఒక చంటిబిడ్డ ఉంటుంది. అమ్మానాన్నలు కూలికి పోతే చిన్నదాన్ని చూసుకోవాల్సింది ఈ పిల్లే. ఈ పిల్లను బడికి రమ్మంటే చంటిది ఏమవ్వాలి? అధికారులైతే డ్రాపౌట్ అని రాసుకుని వెళ్లిపోతారు. తారాబాయి, అనూతాయి చేసిన పని వేరు. చంటిబిడ్డలకు శిశుగృహం, మూడు నుంచి ఆరేళ్లవాళ్లకు బాలవాడి, పెద్దపిల్లలకు ప్రాథమిక బడి, మూడూ ఒకే ఆవరణలో పెట్టారు. దానికి వికాస్‌వాడి అని పేరు. అక్క బడికొస్తే చంటిది ఉయ్యాల్లో ఉంటుంది, తమ్ముడు పక్కన ఆడుకుంటాడు. ఏడుపు వినిపిస్తే లేచి వెళ్లి చూసుకుని మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పశువులు కాసే మగపిల్లలు రాలేకపోతే టీచర్లే పచ్చిక బయలుకు వెళ్లారు. అది కురణ్‌శాల.

పిల్ల బడికి ఎందుకు రావడం లేదో తెలియాలంటే ఆ ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరు ఏ పని చేస్తారో తెలియాలి. కోస్‌బాడ్‌లో బడి వేళలు, బడి స్థలం, బడి ఆకారం అన్నీ ఆ ఎరుక మీద కట్టినవి.

పాఠాల సంగతి చూడండి. రంగురంగుల చెక్క దిమ్మెలు కొనే డబ్బు లేదు, కొన్నా ఆ పిల్లలకు అవి పరాయివి. అందుకని చుట్టూ దొరికే ఆకులు, గింజలు, గులకరాళ్లు, గవ్వలు, పుల్లలే సామాగ్రి అయ్యాయి. మన దగ్గరే అనుకోండి, నాలుగేళ్ల పిల్ల ముందు గుప్పెడు చింతగింజలు, ఓ పది ఆకులు పోస్తే ఏం చేస్తుంది? ముందు ఊరికే కలుపుతుంది. కాసేపటికి పెద్దవి ఒక పక్కకు, చిన్నవి ఒక పక్కకు చేరుస్తుంది. తర్వాత అంచులు నున్నగా ఉన్న ఆకులు వేరు, రంపపు పళ్లున్నవి వేరు. ఆపైన ఒక్కో ఆకు మీద ఒక్కో గింజ పెడుతుంది. అంకెల పేర్లు రాకముందే ఒకటికి ఒకటి జత అనేది చేతికి తెలిసిపోయింది. వేళ్లు కుదురుగా గింజను పట్టుకోవడం అలవాటైతే రేపు బలపం పట్టుకోవడం తేలిక. ఎప్పుడు పక్కన కూర్చోవాలో, ఎప్పుడు నోరు మూసుకుని చూడాలో, ఎప్పుడు ‘ఇది ఎక్కడ పెడదాం?’ అని అడగాలో టీచర్‌కు తెలియాలి. ఇదంతా చూడ్డానికి ఆటలాగే ఉంటుంది కాబట్టి ఇందులో నైపుణ్యం ఏముందనుకుంటాం. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పేవాళ్లకు లక్షల జీతం సబబే అనిపిస్తుంది, ఇది మాత్రం ఏ ఆడమనిషైనా చేసేయగల పనిలా కనిపిస్తుంది. మన లెక్కలోని పెద్ద తప్పు ఇక్కడే ఉంది.

ఇదే కాలంలో మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌నూ తలుచుకోవాలి. ఆమె 1909లో పుట్టారు, అనూతాయి కన్నా ఒక్క ఏడాది పెద్ద. ఆమెకూ బాల్యంలోనే పెళ్లి చేశారు. ఆ పెళ్లిని కాదని బయటికొచ్చి పట్టుదలగా చదువుకున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆమే. ఆ బోర్డు పల్లెల్లో నడిపిన కార్యక్రమాల్లో బాలవాడీలూ ఉన్నాయి. పల్లె పిల్లకు ఆరేళ్ల లోపు బడి కావాలన్న ఆలోచన ప్రభుత్వ పద్దుల్లోకి ఎక్కడంలో ఒక తెలుగావిడ చేయి ఉందన్నమాట. పిల్లల బడుల గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతి మనమే మర్చిపోతాం.

1975 అక్టోబర్ 2న కేంద్రం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలుపెట్టింది. అంగన్‌వాడీ పేరు దేశమంతా పాకింది. ఆరు సేవలు అప్పగించారు: పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ గురించి చెప్పడం, పూర్వ ప్రాథమిక విద్య. ఆకలి, శిశు మరణాలు అంత తీవ్రంగా ఉన్న దేశంలో తిండికి, టీకాలకు పెద్ద పీట వేయడం సబబే. దాన్ని తప్పుపట్టను. ఆకలిగా ఉన్న పిల్ల ఏ ఆటా ఆడదు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ లెక్క చెప్పాల్సినవన్నీ తూకాలు, గుడ్లు, టీకాలు అయ్యాయి. పిల్ల ఎన్ని మాటలు నేర్చిందో పైనుంచి అడిగేవాళ్లు లేరు. అడగని పని వెనకబడిపోతుంది.

చట్టమూ ఆదుకోలేదు. రాజ్యాంగంలో మొదట రాసుకున్న 45వ అధికరణం పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి గురించీ మాట్లాడింది. 2002లో 86వ సవరణతో ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారి చదువు ప్రాథమిక హక్కు అయింది. ఆరు లోపు వాళ్లు కోర్టుకెళ్లి అడగలేని ఆదేశిక సూత్రాల్లోనే మిగిలిపోయారు. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా మూడేళ్లు దాటిన పిల్లల బడిని ప్రభుత్వాల ఇష్టానికే వదిలేసింది. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని పెద్దక్షరాల్లో చెప్పింది. చెప్పి, ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా అంది. అవీ ప్రధానంగా టీవీ, ఫోన్ల ద్వారానే. కోస్‌బాడ్‌లో బాలసేవికలు, అంటే చిన్నపిల్లల బడి టీచర్లు, పిల్లల మధ్య కూర్చుని పని నేర్చుకున్నారు.

ఇక మన రాష్ట్రాల్లో అంగన్‌వాడీ టీచర్ పొద్దు ఎలా గడుస్తుందో దగ్గర్నుంచి చూసినవాళ్లకు తెలుసు. తలుపు తీసి ఊడ్పించి, పిల్లల్ని ఇళ్ల నుంచి పిలుచుకొచ్చి కూర్చోబెట్టేసరికి ఫోన్ మోగుతుంది. కేంద్ర ప్రభుత్వ యాప్ పోషణ్ ట్రాకర్‌లో హాజరు ఎక్కించాలి, ఫొటో పెట్టాలి. సిగ్నల్ లేకపోతే గోడ ఎక్కి నిలబడాలి. ఇంటికి ఇచ్చే సరుకులకు (టేక్ హోమ్ రేషన్) లబ్ధిదారు ముఖం స్కాన్ చేయాలి. గర్భిణులు, బాలింతలు వస్తారు. సర్వే ఉందని, ఓటర్ల జాబితా ఉందని, మీటింగ్ ఉందని కబురొస్తుంది. మధ్యలో ‘చిట్టి చిలకమ్మా’ రెండుసార్లు పాడిస్తే ఆ రోజుకు చదువు అయినట్టే. అందుకే కాస్త చేతిలో డబ్బున్న తల్లి అప్పుచేసైనా మూడేళ్ల పిల్లను ఇంగ్లీష్ మీడియం నర్సరీలో వేస్తుంది. అక్కడ ఆ పిల్ల చేత ఏబీసీడీలు దిద్దిస్తారు, ఇంటికి హోంవర్క్ ఇస్తారు. ఇటు బడి లేదు, అటు బాల్యం లేదు.

ఉట్నూరు వైపు గోండి, పాడేరు వైపు కువి మాట్లాడే పిల్లకైతే ఇంకో భారం. కేంద్రంలో వినిపించే తెలుగు ఆ పిల్లకు కొత్త భాష. వార్లీ గూడేల మధ్య బడి కట్టినవాళ్లు ముందుగా ఎదుర్కొన్నది సరిగ్గా ఇలాంటి దూరాన్నే.

ఆంధ్రప్రదేశ్‌లో టీచర్‌కు 2019లో ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. తెలంగాణలో 2021 పెంపు తర్వాత టీచర్‌కు 13,650. దీన్ని జీతం అనరు. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న గుజరాత్ కేసులో తీర్పు ఇస్తూ, వీళ్లకు గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) చట్టం వర్తిస్తుందని, ఈ గౌరవ వేతనం ఆ చట్టం కింద వేతనమేనని తేల్చింది. పూర్వ ప్రాథమిక విద్య ఈ కేంద్రాల బాధ్యతల్లో భాగమని గుర్తుచేసింది. ఆ మరుసటి ఏడాది డిసెంబర్ 12న ఆంధ్రలో అంగన్‌వాడీలు రోడ్డెక్కారు. గ్రాట్యుటీ, కనీస వేతనం అడిగారు. ప్రభుత్వం కేంద్రాల తాళాలు పగలగొట్టించింది, 2024 జనవరిలో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించింది. 42 రోజులు టెంట్ల కింద కూర్చున్నారు. ఆ రోజుల్లో టీవీల్లో, వాట్సాప్‌ గ్రూపుల్లో వినిపించిన మాట ఒకటి నన్ను బాగా బాధపెట్టింది: పిల్లల సేవ చేసేవాళ్లు డబ్బు కోసం పిల్లల్ని వదిలేస్తారా అని.

త్యాగమూర్తి అనే పొగడ్త చివరికి చేసే పని ఇదే. అనూతాయిని త్యాగానికి ప్రతిరూపంగా గోడకు తగిలిస్తే, పదకొండు వేలకు పనిచేసే టీచర్‌ను ఆ ఫొటో చూపించి నోరు మూయించవచ్చు. పేదల పిల్లలతో చేసే పని ప్రేమతో చేయాల్సిందే, దానికి ధర కట్టకూడదు అనిపించవచ్చు. ప్రేమ ఉండాలి, నిజమే. అనూతాయికి అది నిండుగా ఉంది. 1973లో తారాబాయి కన్నుమూశాక ఆ సంస్థ భారమంతా మోసి, 1992లో చనిపోయేదాకా ఆ పిల్లల్ని విడిచిపెట్టలేదు. 1985లో పద్మశ్రీ ఇచ్చారు, జమ్నాలాల్ బజాజ్ పురస్కారమూ అదే ఏడు వచ్చింది. కానీ కోస్‌బాడ్ నిలబడింది ఆమెకున్న ప్రేమ ఒక్కదాని మీదే కాదు. పాతికేళ్లకు పైగా తారాబాయితో కలిసి చేసిన ప్రయోగాలు, పనికిరానివి వదిలేసి పనికొచ్చినవి మెరుగుపరుచుకున్న తీరు, ఇంకొకరికి నేర్పగలిగేలా రాసిపెట్టుకున్న అనుభవం, దాన్ని నిలబెట్టినవి ఇవి. ఒక డాక్టర్ గురించి, ఒక సైంటిస్టు గురించి రాసేటప్పుడు ముందు వాళ్లు కనిపెట్టింది ఏమిటో రాస్తాం. చిన్నపిల్లల టీచర్ దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎంత కష్టపడిందో రాసి సరిపెడతాం.

ఆమెను గుర్తుచేసుకునే దారి ప్రభుత్వాల చేతుల్లోనే ఉంది, పెద్ద ఖర్చు లేనివి కూడా ఉన్నాయి. రోజుకు రెండున్నర గంటలు ఫోన్, సర్వే, మీటింగ్ ఏదీ టీచర్‌ను పిల్లల దగ్గర్నుంచి లేపకూడదని జీవో ఇవ్వొచ్చు. యాప్ పనికి ప్రతి కేంద్రంలో రెండో మనిషిని వేయడానికి డబ్బు కావాలి, అది పెట్టాలి. ఆదివాసీ మండలాల్లో ఆ పిల్లల భాష మాట్లాడే టీచర్‌నే తీసుకోవాలి. శిక్షణ పిల్లల మధ్యే జరగాలి. గ్రాట్యుటీ విషయంలో సుప్రీంకోర్టు చెప్పి ఏళ్లవుతోంది, దాన్ని పూర్తిగా అమలు చేయాలి. సూపర్‌వైజర్ వచ్చినప్పుడు రిజిస్టర్లు అడిగే ముందు ఓ పావుగంట పిల్లల పక్కన కూర్చుని, వాళ్లేం ఆడుతున్నారో చూసి రాసుకోమనాలి.