స్పిండిల్ అనగా ఫ్యాను కడ్డీ

మా మనవరాలు రెండు రాత్రులుగా ఫ్యాను కింద పడుకోవడం లేదు. విశాఖపట్నంలో, మార్చి నెలాఖరున, గోడలకు కూడా చెమటలు పట్టే ఉక్కలో, ఒకటో తరగతి చదివే పిల్ల చాప చంకన పెట్టుకుని వరండాలోకి వెళ్లి దోమల మధ్య పడుకుంటోంది. ఎందుకమ్మా అని అడిగితే చెప్పింది: ఫ్యాను కడ్డీ వేలికి గుచ్చుకుంటే నూరేళ్లు నిద్ర పడుతుందట.

నవ్వకండి. ఇది బడివారు రుసుము తీసుకుని మరీ సాధించిన ఫలితం. ప్రపంచ ప్రసిద్ధ కథల ద్వారా ఆంగ్ల పదసంపద పెంచే ప్రత్యేక తరగతి ఒకటి ఈ ఏడాది వాళ్ల బడిలో మొదలైంది. వారానికి ఒక కథ, కథకు నలభై మాటలు. ఈ వారం నిద్రపోయిన రాకుమారి కథ వచ్చింది. అందులో స్పిండిల్ అన్న మాట ఉంది. అర్థాల కాగితంలో దానికి ఎదురుగా, ఇంగ్లీషులోనే, స్పిన్నింగుకు వాడే సన్నని కడ్డీ అని ఉంది. స్పిన్నింగు అంటే ఏమిటని పిల్ల అడిగింది. టీచరమ్మ పాపం ఒక్క క్షణం ఆలోచించి, తల పైకెత్తి, అదిగో, అలా గిర్రున తిరగడం అని ఫ్యానును చూపించింది. గిర్రున తిరుగుతోంది, సన్నని కడ్డీ ఉంది. ఇక సందేహం ఏముంది? అరిస్టాటిల్‌ను తీసుకొచ్చి ఆ బెంచీ మీద కూర్చోబెట్టినా ఫ్యాను దగ్గరికే చేరేవాడు.

ఇంట్లో ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. మా అమ్మ. ఎనభై నాలుగేళ్లు. పొందూరులో పుట్టి, అక్కడే రాట్నం ముందు కూర్చుని నలభై ఏళ్లు నూలు వడికిన మనిషి. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వి, చుట్టి ఏకులు చేసి, కదురు మీద సన్నని నూరు కౌంటు నూలు తీసి, చిలపలుగా చుట్టి అమ్మి మమ్మల్ని పెంచింది. స్పిండిల్ అంటే కదురు, రాట్నంలో నూలు వడికే పుల్ల. కదురు, మూడక్షరాలు. ఆవిడ నోరు విప్పితే అయిపోయేది.

కానీ పిల్ల డైరీలో ఎర్ర సిరాతో ఒక ఆజ్ఞ ఉంది. పదాలకు ఇంట్లో పెద్దలు తెలుగు అర్థాలు చెప్పరాదు, చెబితే పిల్లల ఆలోచన ఇంగ్లీషులో సాగదు అని. మా కోడలు చట్టానికి కట్టుబడిన పిల్ల. మా అమ్మ నోరు తెరవబోతే, "మామ్మగారూ, మీరేమీ చెప్పకండి, మార్కులు పోతాయి" అని బతిమాలింది. కాబట్టి మాట తెలిసినావిడ గదిలో నోరు మూసుకుని కూర్చుంది. మాట తెలియని పిల్ల వరండాలో దోమలు తోలుకుంటోంది. పిల్ల ఆలోచన మాత్రం ఇంగ్లీషులో నిరాటంకంగా సాగుతోంది.

ఈ పద్ధతిని నేను తేలిగ్గా తీసిపారేయడం లేదు. కథలో వచ్చిన మాట మనసుకు పట్టినట్టు జాబితాలో వచ్చిన మాట పట్టదు. ఎర్ర టోపీ పిల్ల కథలో నీ కళ్లు ఎంత పెద్దవి, నీ చెవులు ఎంత పెద్దవి అని ఒకే పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. కథ రెండోసారి వినేసరికి ఏ పిల్లయినా ముందే అందుకుంటుంది. ఎవరూ నేర్పకుండా వచ్చిన చదువు అది. ఈ సంగతి గ్రహించిన విద్యావేత్తలు వెంటనే కథను తీసేసి, పల్లవిని తీసేసి, తోడేలును తీసేసి, మిగిలిన నలభై మాటలను వరుస సంఖ్యలు వేసి కాగితం మీద అచ్చు వేశారు. చెరుకు తీపి అని తెలిసి, రసం పారబోసి పిప్పి పంచినట్టు.

ఇంకో ముచ్చట. ఇంగ్లీషు రావాలని చదివిస్తున్న ఈ కథల్లో ఇంగ్లీషువాళ్లవి ఎన్ని? గాజు చెప్పుల సిండ్రెల్లాను 1697లో అచ్చువేసినవాడు పెర్రో, ఫ్రెంచివాడు. వికారపు బాతుపిల్లను కన్నవాడు ఆండర్సన్, డెన్మార్కువాడు. నిద్రపోయిన రాకుమారి, హిమసుందరి, కప్ప రాకుమారుడు గ్రిమ్ సోదరుల సంచిలోంచి వచ్చారు, వాళ్లు జర్మన్లు. అంటే మా మనవరాలు తెలుగు మానేసి ఇంగ్లీషు నేర్చుకోవడానికి జర్మన్ల కథను అనువాదంలో చదువుతోంది. ఇంగ్లీషువాళ్లకు కూడా ఈ గ్రిమ్ కథలు అనువాదంలోనే దొరికాయి, 1823లో. వాళ్లు చక్కగా తమ భాషలోకి తెచ్చుకుని చదువుకున్నారు. పదసంపద పెరుగుతుందని పిల్లల్ని జర్మన్‌లో బట్టీ పట్టించలేదు.

మూడు ఎలుగుబంట్ల కథ అచ్చమైన ఇంగ్లీషు సరుకే, 1837లో సదీ అనే కవి అచ్చువేశాడు. పోయిన వారం ఆ కథ. పారిడ్జ్ అన్న మాట. పెద్ద ఎలుగుబంటిది మరీ వేడి, రెండోదానిది మరీ చల్లన, చిన్నదానిది సరిగ్గా సరిపోయింది. పిల్ల ఇది అభినయంతో సహా అప్పచెబుతుంది. ఆ అప్పచెప్పడం పొద్దున్న ఏడున్నరకు వంటింట్లో జరిగింది. ఎదురుగా గిన్నెలో రాగిజావ ఉంది. మరీ వేడిగా ఉందని ఒకసారి, చల్లారిపోయిందని ఒకసారి తోసేసి, చివరికి వాళ్లమ్మ చూడనప్పుడు సింకులో పోసేసి, స్టూలు మీద నిలబడి, పారిడ్జ్ ఎంత రుచిగా ఉందో ఎలుగుబంటి గొంతుతో వర్ణించింది. ఆ రెండూ ఇంచుమించు ఒకటేనని చెప్పే అధికారం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నేను కాఫీ తాగుతూ పేపరు చదువుతున్నట్టు నటించాను.

అసలు తమాషా వార్షికోత్సవం నాడు జరిగింది. ఎర్ర టోపీ పిల్ల నాటకం వేశారు. వేషాలు అద్దెకిచ్చే దుకాణంలో తోడేలు దొరకలేదు, ఎలుగుబంటి దొరికింది. దానికి ఒక తోక కుట్టించి తోడేలుగా పదోన్నతి ఇచ్చారు. రెండో తరగతి పిల్లవాడొకడిని ఆ ఉన్ని తొడుగులో దూర్చి, సాయంత్రం నాలుగున్నరకు షామియానా కింద నిలబెట్టారు. ఇది పదసంపద నాటకం గనక ప్రతి పాత్రా రంగం మీదికి రాగానే తన పదం చెప్పి, అక్షరాలు కూడబలికి, అర్థం చెప్పి, ఆ తరవాతే నటించాలి. అమ్మమ్మను మింగబోయే ముందు తోడేలు ‘గ్రాండ్‌మదర్’ స్పెల్లింగు చెప్పాలి. పదకొండు అక్షరాలు. తోడేలు అయిదో అక్షరం దగ్గర ఆగింది. తెర పక్కనుంచి టీచరమ్మ అందించింది. ఏడో అక్షరం దగ్గర మళ్లీ ఆగింది. తెర పక్కన ఎవరూ లేరు, టీచరమ్మ ఎర్ర టోపీ వెతుక్కుంటూ వెళ్లింది. సభ నిశ్శబ్దం. అప్పుడు మంచం మీద దుప్పటి కప్పుకుని మింగబడడానికి సిద్ధంగా ఉన్న అమ్మమ్మ లేచి కూర్చుని, తోడేలుకు మిగిలిన అక్షరాలు అందించి, మళ్లీ ముసుగు తన్ని పడుకుంది. విధేయత అంటే అది.

వెనక వరసలో నిజం అమ్మమ్మలందరూ కూర్చుని ఉన్నారు, వాళ్లకు కేటాయించిన కుర్చీలు అక్కడే. వాళ్లలో మా అమ్మ ఒకతె. అంతా చూసి నా చెవిలో, "ముసలమ్మను మింగడానికి ఇంత చదువు కావాలట్రా?" అంది.

ఇంకా అవలేదు. స్పెల్లింగు పూర్తయ్యేసరికి తోడేలు ఉక్కకు తట్టుకోలేక స్టేజీ మీదే కూలబడింది. మూడో వరసలోంచి తోడేలు తల్లి లేచి, "నాన్నా, ఆ తల తీసెయ్, ఊపిరాడుతుంది" అని తెలుగులో కేకవేసింది. వెంటనే మైకులో ప్రకటన: ప్రాంగణంలో ఇంగ్లీషే మాట్లాడాలని తల్లిదండ్రులకు మనవి. ఆవిడ తడబడి, ఇంగ్లీషులో తల అనగలిగింది గాని తియ్యడం గుర్తు రాక చేతులతో తన తలే పీక్కుంటూ చూపించింది. తోడేలుకు అర్థమైంది. ఈలోగా కట్టెలు కొట్టేవాడు ప్లాస్టిక్ గొడ్డలితో ప్రవేశించాడు. అతను ముఖ్య అతిథిగారి అబ్బాయి గనక, గొడ్డలికి నాలుగు పర్యాయపదాలు చెప్పే అవకాశం అతనికి ఇచ్చారు. అంతసేపూ తోడేలు తల ఒళ్లో పెట్టుకుని, చెమటలు కారుస్తూ, తన పొట్ట ఎప్పుడు కోస్తారా అని ఎదురుచూసింది. ఆఖరున ముఖ్య అతిథిగారు ఇంగ్లీషు ఎంత అవసరమో ఇరవై నిమిషాలు ప్రసంగించారు. తెలుగులో. మైకు ఏమీ అనలేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాం కదా. ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు.

ఆ గ్రిమ్ సోదరులు ఎవరో బడివారు ఎప్పుడైనా చూశారా? యాకోబ్, విల్హెల్మ్. వాళ్లుంటున్న కాసెల్ పట్టణాన్ని అప్పుడు ఏలినవాడు నెపోలియన్ తమ్ముడు. కొలువులో చెల్లుబాటయ్యేది ఫ్రెంచి. ఆ రాజుగారి గ్రంథాలయంలోనే ఉద్యోగం చేస్తూ యాకోబ్ తమ్ముడితో కలిసి సొంత భాషలో కథలు పోగు చేశాడు. మొదటి సంపుటం 1812లో వచ్చింది. వాళ్లకు ఎక్కువ కథలు చెప్పినవాళ్లలో డొరోతెయా ఫీమాన్ ఒకావిడ. దర్జీ భార్య. కాయగూరలు అమ్ముకోవడానికి పట్టణానికి వచ్చేది. ముందు మామూలుగా చెప్పి, మళ్లీ చెప్పమంటే రాసుకోవడానికి వీలుగా నెమ్మదిగా చెప్పేదని విల్హెల్మ్ రాశాడు. రెండో కూర్పులో ఆవిడ బొమ్మ వేశారు. తరవాత ఆ అన్నదమ్ములే జర్మన్ నిఘంటువు మొదలుపెట్టారు. దాని పని పూర్తయ్యేసరికి 1961 వచ్చింది. పండు అన్న మాట దాకా వచ్చి యాకోబ్ కన్నుమూశాడు. ఎన్నో కథలు వాళ్లకు దొరికింది కాయగూరల గంప దించుకున్న ఆ ముసలమ్మ నోట్లో. ఆ పేరు చెప్పుకుని వీళ్లు మా ఇంట్లో ముసలమ్మ నోరు నొక్కుతారా?

అదే 1812లో మద్రాసు సెయింట్ జార్జి కోటలో కంపెనీ దొరలకు దేశభాషలు నేర్పే కాలేజీ పెట్టారు. దొరలకు తెలుగు రావాలని రావిపాటి గురుమూర్తి శాస్త్రిగారు విక్రమార్కుడి కథలు, పంచతంత్రం వచనంలో రాసిపెట్టారు. అక్కడ చదువుకున్నవాడే బ్రౌను. తెలుగు మాటకు ఇంగ్లీషు అర్థం చెప్పవద్దని ఆయన డైరీలో ఎవరూ రాయలేదు. పైగా ఆయన జీవితమంతా ఆ పనే చేసి 1852లో నిఘంటువు అచ్చువేయించాడు. తీసి చూడండి, కదురు అన్న మాట ఉంటుంది, ఎదురుగా స్పిండిల్ అని ఉంటుంది. దొర రెండు మాటల్నీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. మన బడివారు వాటి మధ్య గోడ కట్టి, గోడ మీద గాజుపెంకులు గుచ్చి, కాపలాకు జరిమానా పెట్టారు. తెలుగు ముక్క దొర్లితే అయిదు రూపాయలు. మా మనవరాలి బడి అయిదు రూపాయలతో సరిపెట్టింది, దయగలవాళ్లు. 2009లో మైదుకూరులో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో, ఇక తెలుగు మాట్లాడనని రాసిన పలకలు వేలాడదీశారు. కడప జిల్లాలో, బ్రౌను పనిచేసిన జిల్లాలో. ఏ తోడేలూ పసిపిల్లకు అంత పని చెయ్యలేదు. అది ఆకలేసి తింది.

ఏకై వచ్చి మేకై కూర్చున్నట్టు అంటాం. ఏకు అంటే ఏమిటో కూడా ఆ అర్థాల కాగితం రాసినవాళ్లకు తెలియదు లెండి.

కథ మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది, బడివారు కథ మొత్తం చదవలేదని. కూతురికి కదురు గుచ్చుకుంటుందని శాపం ఉంటే రాజు ఏం చేశాడు? రాజ్యంలో ఉన్న కదుళ్లన్నీ తగలబెట్టమన్నాడు. దాంతో రాకుమారి పదిహేనేళ్లు వచ్చేదాకా కదురు కంట చూడలేదు. బురుజు మీద ఒక ముసలమ్మ నూలు వడుకుతుంటే, అంత ఉల్లాసంగా గెంతుతున్న అదేమిటని అడిగి చెయ్యి పెట్టింది. తెలియదు గనకే గుచ్చుకుంది.

మూడో రాత్రి నేను చట్టాన్ని ఉల్లంఘించాను. కోడలు పడుకున్నాక పిల్లను మా అమ్మ గదిలోకి తీసుకెళ్లాను. అమ్మ మంచం కింది ట్రంకుపెట్టె లాగింది. రాట్నం ఎప్పుడో చెదలు పట్టి పోయింది గాని, పాత చీర మడతలో కదురు ఉంది. జానెడు ఇనుప పుల్ల, కొన సూదిలా ఉంది, నడుమ నల్లబడ్డ దారం ఇంకా నాలుగు చుట్లు ఉంది. పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది.

"తాతమ్మా, ఇది నీకు గుచ్చుకుందా?"

"లెక్కలేనన్నిసార్లు గుచ్చుకుంది. నిద్ర ఒక్కటే పట్టేది కాదు, పొద్దున్నకు చిలప పూర్తి చెయ్యాలి కదా."

పిల్ల కదురును ముట్టుకుంది. అరచేతిలో పెట్టుకుని దొర్లించింది. కొన మీద వేలు ఆనించి కాసేపు ఆగి, నిద్ర రావడం లేదని ప్రకటించింది. ఆ తరవాత పది నిమిషాలకు ఫ్యాను కిందే, తాతమ్మ పక్కలో నిద్రపోయింది.

మర్నాడు పరీక్షలో స్పిండిల్‌కు ఎదురుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కదురు అని రాసి వచ్చింది. టీచరమ్మ దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, అలాంటి మాట లేదని పక్కన రాసి, డైరీలో అయిదు రూపాయల జరిమానా వేసింది. నేను పది రూపాయల నోటు పంపాను. చిల్లర ఇవ్వనక్కర్లేదని కింద సంతకం పెట్టాను. ఈ రాత్రి మా అమ్మ రాట్నం గురించి చెబుతానంది.