ఒక గోడ, రెండు ఏడు అడుగులు

కట్టిన ఇంటికి కొత్త కిటికీ పెట్టించడమంటే గోడకు కన్నం వేసి చట్రం బిగించడమేనని చాలామంది అనుకుంటారు. మా మామగారు అలా అనుకోరు. గోడ పైకప్పు బరువు మోసేదైతే ముందుగా పైన లింటెల్, అంటే పై గోడ బరువు మోసే అడ్డ పలక, కూర్చోబెట్టి, అది బిగిశాకనే కింది ఇటుకలు తీయాలనీ, ఆ లింటెల్ కిటికీకి రెండు పక్కలా కనీసం 6 అంగుళాలైనా గోడలోకి చొచ్చుకుపోవాలనీ ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. అవే సంగతులు మేస్త్రీకి కూడా తెలిసి ఉండడం ఆయనకు ఎందుకో నచ్చలేదు.

వెనక గదికి వెలుతురు చాలడం లేదని మొదలైన పని ఇది. 9 అంగుళాల గోడను ఒకేసారి తొలిచేస్తే పై వరుసల ఇటుకలు జారతాయి కనుక, సగం మందం బయటి నుంచి తొలిచి అందులో ఒక లింటెల్ పలకను దూర్చి, పైన సందు లేకుండా సిమెంటు మాలు దట్టించి, అది గట్టిపడ్డాక మిగతా సగం లోపలి నుంచి తొలిచి రెండో పలక పెట్టాలని ఇద్దరూ తీర్మానించారు. లింటెల్ 7 అడుగుల ఎత్తున ఉండాలన్న దగ్గర కూడా పేచీ రాలేదు. కట్టుబడి పనిలో ఇంతటి సామరస్యం మంచి శకునం కాదు.

మేస్త్రీ పెరట్లో నిలబడి నేల మీద నుంచి 7 అడుగులు కొలిచాడు. మామగారు గదిలో నిలబడి గచ్చు మీద నుంచి 7 అడుగులు కొలిచారు. నడుమ ఉన్న 2 అడుగుల పునాది ఎత్తు ఎవరి టేపులోకీ రాలేదు.

బయటి పలక కూర్చుంది. తడి గోనెసంచులు కప్పి రోజూ నీళ్ళు పట్టారు. అది ఆరాక, మామగారి పర్యవేక్షణలో మేస్త్రీ దగ్గరి కుర్రాడు లోపలి నుంచి ఉలి, సుత్తి అందుకున్నాడు. నాలుగున్నర అంగుళాలు లోతుకు పోయాక బూడిదరంగు కాంక్రీటు వీపు కనబడాలి. టార్చిలైటు వేసి చూస్తే ఎర్రటి ఇటుకే కనబడింది. "ఇంకాస్త కొట్టరా అబ్బాయ్" అన్నారు మామగారు. బయట మేస్త్రీ తన లింటెల్ దగ్గర గోడకు చెవి ఆనించి, "దెబ్బలు నా పలక మీద పడాలి కదండీ, నా నెత్తి మీద పడుతున్నట్టు వినిపిస్తున్నాయేమిటి?" అని అరిచాడు. మేస్త్రీ అనుమానం నిజమేనన్నట్టు పైనుంచి అరచేయంత సిమెంటు పెచ్చు ఊడి తలపాగా మీద పడింది.

తరువాత జరిగిన వాదన సిద్ధాంత సంబంధమైనది. వీధిలో పోయేవారు చూసేది బయటి గోడనే కనుక బయటి కొలతే ప్రమాణమని మేస్త్రీ వాదించాడు. ఆ లెక్కన లోపలివారికి కిటికీ నెత్తి 5 అడుగుల దగ్గరే ఆగిపోతుందనీ, బయటికి చూడాలంటే వంగి నమస్కారం పెట్టాలనీ మామగారు వాదించారు. తండ్రిని అనవలసిన మాటలను నాతో అనడం మా ఆవిడకు అలవాటు. "ఏమండీ, పొడవాటి డ్రిల్లు బిట్టుతో లోపలి నుంచి నాలుగు మూలలా గోడ అవతలికంటా రంధ్రాలు వేసి, బయట వాటిని దారం కట్టి కలిపితే సరిపోయేది కదా?" అని నన్ను నిలదీసింది. మామగారూ మేస్త్రీ కూడా నా వైపు కోపంగా చూశారు.

చివరికి రంధ్రాలే దారి చూపాయి. మామగారి కొలతే నిలిచి, 4 అడుగుల కిటికీ గచ్చుకు 3 అడుగుల పైన మొదలైంది. కింది గట్టు బయటికి వాలు ఉండాలనీ, దాని అడుగున నీరు గోడ పట్టుకోకుండా చుక్కలుగా రాలిపోయే సన్నని గాడి ఉండాలనీ ఇద్దరూ ఒకేసారి చెప్పారు. ఈసారి నేను టేపు పెట్టి చూశాను. తప్పు ఎత్తులో పెట్టిన పలక సరిగ్గా కిటికీ నడుమకు రావడంతో దానంతటదే తొలగిపోయింది. అయితే దాని రెండు కొసలూ దిగిన చోట, కిటికీకి చెవులు మొలిచినట్టు అటొకటి ఇటొకటి అతుకులు మిగిలాయి. పాత గోడ రంగు వాటికి ఎంత వేసినా కలవలేదు.

అడిగినవారికి అది ప్రత్యేకమైన డిజైను అని మామగారు చెబుతున్నారు. ఆ విషయంలో మేస్త్రీ ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాడు. పక్కింటాయన తన కిటికీకి కూడా అలాంటివే పెట్టమని అడిగితే, దానికి కూలి విడిగా అవుతుందన్నాడట.