నల్లమలకు డీజే తెచ్చిన స్పీకరు గారికి

గౌరవనీయులైన బ్లూటూత్ స్పీకరు గారికి,

ముందుగా మీ ఆరోగ్యానికి అభినందనలు. మీ డబ్బా మీద 12 గంటల బ్యాటరీ అని రాసి ఉందట. డబ్బా మీద అచ్చేసిన మాటను నమ్మే అలవాటు మనకెక్కడిది? ఎండ ముదిరేలోపు ఎలాగూ నోరు మూస్తారులే అని ఆశపడ్డాను. మీరు మాత్రం కంపెనీ పరువు నిలబెట్టారు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర మొదలుపెట్టి మళ్లీ అదే చెక్‌పోస్టుకు తిరిగొచ్చేదాకా అదే బీటు, అదే మోత.

మీరు మాకు కొత్తేం కాదు. పిల్లలమర్రి కింద విన్నాం, సోమశిల పడవలో విన్నాం, సాగర్‌లో లాంచీ ఎక్కితే అక్కడా మీరే స్వాగతం చెప్పారు. ఓర్చుకున్నాం. పెళ్లి బరాత్‌లకు అలవాటుపడ్డ చెవులకు ఇదొక లెక్కా అనుకున్నాం. కానీ నల్లమలలో ఎలుగుబంట్లు ఉంటాయి సార్. పాట నచ్చలేదని మర్రిచెట్టేమీ మన మీదికి రాదు.

మొన్న ఆదివారం ప్రతాపరుద్రుడి కోట చూద్దామని బయల్దేరాం. ముందు చెంచు గైడు, వెనక మేము, మధ్యలో నల్లగొండ నుంచి వచ్చిన ఒక తమ్ముడి బ్యాగుకు కొక్కెంతో వేలాడుతూ తమరు. గైడు ఎలా నడుస్తాడో చూశారా? మీకు కళ్లు లేవు, నీలం లైటు ఒక్కటే కదా, నేనే చెబుతాను. మలుపు రాబోతుంటే కర్రతో రాయి మీద రెండు దెబ్బలు కొడతాడు. ఏదో ఒక మాట గట్టిగా అంటాడు. ఆగుతాడు. నోరు కొద్దిగా తెరిచి, తల పక్కకు వంచి వింటాడు. ఏమీ లేదని తేలాకే అడుగు ముందుకు పడుతుంది.

మీ యజమాని ఇందులో సగమే చూశాడు. "చప్పుడు చేస్తే ఎలుగుబంటి దగ్గరికి రాదంట కదా అంకుల్, మన దగ్గర అంతకన్నా పెద్ద చప్పుడుంది" అన్నాడు. అంకుల్ అన్నందుకు వచ్చిన కోపాన్ని పక్కన పెట్టి చెబుతున్నాను, వినండి. అతను ఎలాగూ వినడు, మీరు పక్కనే మోగుతుంటారు కాబట్టి.

చప్పుడు చేయాలన్నది నిజమే. ఎలుగుకు చూపు మందం. పుట్ట తవ్వి మూతి లోపల పెట్టిందంటే ఇక దానికి లోకంతో పని లేదు. పై వరసలో ముందు రెండు పళ్లుండవు దానికి. ఆ సందులోంచి చెదల్ని పీల్చుకుంటుంది. ఆ పీల్చే మోత వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. అంత మోత తనే చేస్తుంటే మన అడుగుల చప్పుడు దానికేం తెలుస్తుంది? మలుపు తిరిగి సరిగ్గా దాని మీదికే పోయామనుకోండి, పులి తిరిగే అడవిలో బతకడం నేర్చిన జంతువు, పారిపోదామా అని చూడదు. ముందు మీద పడుతుంది. వీపు మీద పిల్లలున్న తల్లి అయితే చెప్పక్కర్లేదు. కాబట్టి మనం వస్తున్నట్టు దానికి తెలియాలి. అది అక్కడున్నట్టు మనకూ తెలియాలి. ఈ రెండో ముక్కే మీ పుణ్యాన గంగలో కలిసింది. ఎలుగు ఎంత గట్టిగా పీల్చినా మీ బేస్ మోత ముందు దాని బతుకెంత!

చైత్ర పౌర్ణమికి ఇదే నల్లమలలో సలేశ్వరం జాతరకు పోయే జనం కూడా అడవి దద్దరిల్లేలా అరుస్తారు కదా అని మీరు అడగొచ్చు. అరుస్తారు. "వస్తున్నాం లింగమయ్యా" అంటూ ఆ రాళ్ల లోయలోకి దిగుతారు, "పోతున్నాం లింగమయ్యా" అంటూ ఎక్కుతారు. కానీ అది మనిషి గొంతు. ఎక్కుడు దగ్గర ఆయాసం వస్తుంది, ఊపిరి కోసం ఆగుతుంది. ఆ ఆగినప్పుడు అడవి వినిపిస్తుంది. మీకు ఆయాసం ఎక్కడిది? పాటకూ పాటకూ మధ్య ఉన్న రెండు సెకన్లలో కూడా "కనెక్టెడ్" అని ఇంగ్లిషులో ప్రకటన చేస్తిరి.

సరే, అసలు సంగతికి వస్తాను. దారి పక్కన ఒక పుట్ట కనిపించింది. ఒక వైపంతా తవ్వేసి ఉంది. ఎర్రమట్టి మీద గోళ్ల గీతలు, లోపలి మట్టి ఇంకా తడి ఆరలేదు. గైడు వంగి మట్టి చిదిపి చూసి, "రాత్రిది కాదు సారూ, పొద్దుగాలదే" అన్నాడు. చెయ్యెత్తి అందరినీ ఆపాడు. వినబోయాడు. మీరు అప్పుడే తీన్మార్ అందుకున్నారు.

"జర బంద్ చేయి బిడ్డా."

"అయిపోతుంది తాతా, ఒక్క పాట."

ఆ ఒక్క పాట అయింది. ఇంకొకటి మొదలైంది. గైడు మళ్లీ అడిగాడు. తమ్ముడు రెండు గీతలు వాల్యూమ్ తగ్గించి, దానం చేసినవాడిలా చూశాడు. గైడు ఇంకాసేపు నిలబడి పొదల వైపు చెవి పెట్టాడు. చివరికి కర్ర చంకన పెట్టుకుని, "నాకేం ఇనబడ్తలేదు. ఇనబడకుంటే నేను ముంగటికి తీస్కపోను" అని వెనక్కి తిరిగాడు.

అంతే, కోట లేదు, గుట్ట లేదు. ఎలుగుబంటి కూడా అడ్డం రాలేదు. వందేళ్లు అడవిని విని బతికిన ఇంట్లో పుట్టిన మనిషి చెవులను అరచేతిలో పట్టే డబ్బా ఒకటి మూసేసింది, అందుకని వెనక్కి వచ్చాం. సిగ్గుండాలి నీకు. నిన్ను ఎవడు రమ్మన్నాడు? శ్రీశైలం రోడ్డులో అడవి ఉన్నంత మేరా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు ఆపేస్తారు, జంతువులు నిమ్మళంగా దాటిపోవాలని. లారీవాడు టీ తాగుతూ పడిగాపులు కాస్తాడు. లారీకి ఉన్న పాటి మర్యాద నీకు లేకపాయె! అభయారణ్యంలో జంతువుల్ని వేధించకూడదని 1972 వన్యప్రాణి చట్టం చెబుతుంది. గైడును వేధించకూడదని వేరే చట్టం కావాలేమో.

నీ స్నేహితుల సంగతి కూడా చెప్పాలి. అడవి లోపల ఇష్టమొచ్చిన చోట గుడారం వేయనివ్వరు కాబట్టి ఆ రాత్రి అడవి బయట ఒక చేను పక్కన టెంట్లు వేశాం. బిర్యానీ కవర్లు, బొక్కలు టెంటు వెనకే పడేశారు. అమెరికాలో యోసెమిటీ అనే పార్కు ఉంది. అక్కడ తిండి కోసం ఎలుగుబంట్లు కార్లు చీల్చడం లాంటి ఘటనలు 1998 ఒక్క ఏడాదిలోనే 1,500 దాటాయి. ఆ తర్వాత ఎలుగు తెరవలేని ఇనుప పెట్టెల్లో తిండి దాచే కట్టడి గట్టిగా అమలు చేశాకే తగ్గాయి. అవి వేరే జాతి, మనవి చెదలు తినేవి అనొచ్చు. ముక్కు మాత్రం రెండింటికీ ఉంది. బొక్కలన్నీ ఏరి కవరులో కట్టి కారు డిక్కీలో పెట్టింది నేను. కారు ఇప్పటికీ వాసన వస్తోంది.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున చెట్టు కిందికి మనుషులూ వస్తారు, ఎలుగులూ వస్తాయి. అక్కడికి నువ్వు రావద్దు. అంతకుమించి నీకు చెప్పేదేం లేదు. నీ పని నువ్వు చేశావు. నొక్కితే మోగావు. నొక్కినవాడికి రాయాల్సిన ఉత్తరం ఇది. అతని చెవులు ఖాళీగా దొరకలేదు కాబట్టి నీకు రాశాను.

ఇట్లు,
కోట చూడని అంకుల్

తా.క. సోమవారం పొద్దున్నే మీ యజమాని ఆన్‌లైన్‌లో రివ్యూ పెట్టాడు. "అడవిలో ఒక్క జంతువు కూడా కనిపించలేదు. గైడు భయస్తుడు, సగంలోనే వెనక్కి తెచ్చాడు. మ్యూజిక్ మాత్రం మేమే తీసుకెళ్లాం కాబట్టి బతికిపోయాం." రెండు స్టార్లు.