లాక్ ఫైల్ తీసేస్తే ఎర్రర్ పోతుంది, లాక్ పోదు

ఉబుంటులోనో, మింట్‌లోనో, డెబియన్‌లోనో (ఇవన్నీ లైనక్స్ డిస్ట్రోలు, అంటే రకాలు) ఏదో ఇన్‌స్టాల్ చేయబోతుంటే "కుడ్ నాట్ గెట్ లాక్" అంటూ, అంటే లాక్ దొరకలేదంటూ, ఆగిపోతుంది. ఒకేసారి ఇద్దరు ఇన్‌స్టాల్ చేయకుండా పెట్టిన అడ్డే ఈ లాక్. నెట్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లను సాయం అడిగితే పది మందిలో సగం మంది చెప్పేది ఒకటే: /వార్/లిబ్/డీపీకేజీ ఫోల్డర్‌లో ఉన్న లాక్, లాక్-ఫ్రంటెండ్ ఫైళ్లను ఆర్‌ఎం కొట్టి తీసేయండి. అవి క్రాష్ అయిన ప్రోగ్రాం వదిలేసిపోయినవట. తీసేస్తే మళ్లీ వాటంతటవే వస్తాయట. ఆ తర్వాత ఏదైనా తేడా చేస్తే "డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ" కొడితే సర్దుకుంటుందట. ఇందులో ఫైళ్లు మళ్లీ వస్తాయన్న ముక్క ఒక్కటే నిజం. నష్టం జరిగేది కూడా సరిగ్గా అక్కడే.

కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషులోనే, చిన్న అక్షరాల్లో కొట్టాలి. ప్యాకేజీ అంటే ఒక ప్రోగ్రాం ఫైళ్ల కట్ట. దాన్ని సిస్టమ్‌లోకి ఎక్కించి లెక్క రాసేది డీపీకేజీ (dpkg), ప్యాకేజీలను డౌన్‌లోడ్ చేసి దానితో ఆ పని చేయించేది ఆప్ట్ (apt). సుడో అంటే కమాండ్‌ను అడ్మిన్ హక్కులతో నడపడం.

"అవి క్రాష్ అయిన ప్రోగ్రాం వదిలేసిన ఫైళ్లు." ఏ ఇబ్బందీ లేని సిస్టమ్‌లో కూడా ఒకసారి "ఎల్‌ఎస్ -ఎల్ /వార్/లిబ్/డీపీకేజీ" కొట్టి చూడండి. రెండు ఫైళ్లూ అక్కడే ఉంటాయి, సైజు 0 బైట్లు. ఇన్‌స్టాల్ ఏదీ జరగనప్పుడూ ఉంటాయి, రీస్టార్ట్ చేశాకా ఉంటాయి. ఫైల్ ఉన్నంత మాత్రాన లాక్ పడినట్టు కాదు. ఆప్ట్ ఆ ఫైల్‌ను తెరిచి "ఇది నా చేతిలో ఉంది" అని కెర్నెల్‌కు (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రాంకు) చెబుతుంది, ఆ సంగతి కెర్నెల్ తన మెమరీలో రాసుకుంటుంది. ఆ ప్రాసెస్ ముగిసినా, క్రాష్ అయినా, కిల్ చేసినా, కరెంటు పోయినా ఆ లాక్ దానంతటదే ఊడిపోతుంది. కాబట్టి ఇక్కడ చచ్చిపోయిన ప్రోగ్రాం వదిలిన లాక్ అనేది ఉండనే ఉండదు. లాక్ దొరకలేదని వచ్చిందంటే బతికున్న ప్రాసెస్ ఒకటి దాన్ని పట్టుకుని ఉందని అర్థం.

ఈ పొరపాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించవచ్చు. కోడ్‌లో మార్పులను భద్రపరిచే గిట్ అనే ప్రోగ్రాంలో ఇండెక్స్.లాక్ అనే ఫైల్ ఉంటుంది. అక్కడ ఫైల్ ఉండటమే లాక్. గిట్ మధ్యలో చస్తే అది నిజంగానే మిగిలిపోతుంది, వేరే గిట్ ఏదీ నడవడం లేదని చూసుకుని తీసేయడమే పద్ధతి. అక్కడి అలవాటును ఇక్కడికి తెచ్చుకున్నారు. పేరు ఒకటే గానీ పనిచేసే తీరు వేరు.

"తీసేస్తే మళ్లీ వస్తుంది, ఏమీ కాదు." అసలు ప్రమాదం ఇదే. లైనక్స్‌లో తెరిచి ఉన్న ఫైల్‌ను తీసేస్తే పోయేది దాని పేరు మాత్రమే. మొదటి ప్రాసెస్ పాత ఫైల్‌ను, పాత లాక్‌ను అలాగే పట్టుకుని ఉంటుంది. మీరు కొట్టిన రెండో ఆప్ట్ అదే పేరుతో కొత్త ఫైల్ సృష్టించి, దాని మీద లాక్ అడుగుతుంది. కొత్త ఫైల్ మీద ఎవరి లాకూ లేదు కాబట్టి వెంటనే దొరుకుతుంది. తీసేయకముందు, తర్వాత "ఎల్‌ఎస్ -ఐ" కొడితే ఐనోడ్ నంబర్ (డిస్క్ మీద ఫైల్‌ను గుర్తించే అంకె) మారిపోవడం మామూలుగా కనబడుతుంది. గది లోపల గడియ పెట్టి ఒకరు పనిచేస్తుంటే, అదే గదికి పక్క గోడలో ఇంకో తలుపు కొట్టి లోపలికి వెళ్లినట్టు. గడియ చెక్కుచెదరలేదు, కానీ గదిలో ఇప్పుడు ఇద్దరున్నారు.

ఇద్దరుంటే ఏమవుతుంది? డీపీకేజీ మొదలవగానే స్టేటస్ అనే ఫైల్ మొత్తాన్ని మెమరీలోకి చదువుకుంటుంది. సిస్టమ్‌లోని ప్రతి ప్యాకేజీ పేరు, వెర్షన్, స్థితి అందులోనే ఉంటాయి. పని నడుస్తుండగా జరిగే మార్పులను అప్‌డేట్స్ ఫోల్డర్‌లో అంకెల పేర్లున్న చిన్న ఫైళ్లలో రాస్తుంది. చివర్లో తన దగ్గరున్న జాబితాతో కొత్త స్టేటస్ రాసి, పాతదాని స్థానంలో పెడుతుంది. రెండు డీపీకేజీలు ఒకేసారి నడిస్తే ఆ అంకెల ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పడవచ్చు. పైగా ఆఖరున ముగించిన దాని జాబితాయే నిలుస్తుంది. మొదటిది ఎక్కించిన ప్యాకేజీల ఫైళ్లు డిస్క్ మీద ఉంటాయి, లెక్కలో మాత్రం ఉండవు. ఇది వెంటనే బయటపడదు. ఎప్పుడో అప్‌గ్రేడ్ చేసినప్పుడు డిపెండెన్సీ ఎర్రర్లుగా (ఒక ప్యాకేజీకి కావాల్సిన ఇంకో ప్యాకేజీ లేదంటూ) వస్తుంది. అప్పుడు ఆ ఆర్‌ఎం ఎవరికీ గుర్తుండదు.

"వేల మందికి పనిచేసింది." పనిచేసినట్టు కనిపించడానికి కారణాలున్నాయి. పోస్ట్ వెతికి, చదివి, కమాండ్ కాపీ చేసేలోపు వెనక నడుస్తున్న అప్‌డేట్ చాలాసార్లు ముగిసిపోతుంది. ఫైల్ తీసేయకుండా మళ్లీ ప్రయత్నించినా ఇన్‌స్టాల్ అయ్యేదే. లేదా అది ఇంకా డౌన్‌లోడ్ దశలోనే ఉండి స్టేటస్‌ను ముట్టుకుని ఉండదు.

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఈ ఎర్రర్ ఎక్కువగా రావడానికీ కారణం ఉంది. ఉబుంటులో ఆప్ట్-డైలీ టైమర్ (వెనక తనంతట అప్‌డేట్లు వెతికేది) ఉదయం 6, సాయంత్రం 6 గంటలకు పెట్టి, దానికి 12 గంటల వరకు ఎంతైనా ఆలస్యం కలిపేలా ఉంటుంది. వాటిని ఎక్కించే ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్ ఉదయం 6కు, గంట వరకు ఆలస్యంతో. ఆ సమయానికి మెషీన్ ఆఫ్‌లో ఉంటే తప్పిపోయిన పని ఆన్ చేశాక మొదలవుతుంది. మీరు టెర్మినల్ తెరిచేదీ అప్పుడే.

"ముందు కిల్ -9 కొట్టి, తర్వాత తీసేయండి." ఇది ఇంకా చెడ్డ సలహా. ప్రాసెస్ చస్తే లాక్ ఎలాగూ ఊడుతుంది, కాబట్టి తీసేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇక -9 అంటే సర్దుకునే అవకాశం ఇవ్వకుండా చంపడం. కెర్నెల్ ప్యాకేజీ కాన్ఫిగర్ అవుతూ ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కెర్నెల్ వాడుకునే ఫైల్) తయారవుతున్నప్పుడు పని తెగితే, తర్వాతి బూట్ ఆ కెర్నెల్‌తో ఆగిపోవచ్చు. అలా జరిగితే గ్రబ్ అనే బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నెల్‌తో లేచి, సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ, ఆపై సుడో అప్‌డేట్-ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్ కొట్టాలి.

"డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ అన్నీ సరిచేస్తుంది." అన్‌ప్యాక్ అయి కాన్ఫిగర్ కాని ప్యాకేజీలను అది పూర్తి చేస్తుంది. అంతవరకే. లెక్కలోంచి జారిపోయిన ప్యాకేజీ దానికి అసలు కనిపించదు.

మరి చేయాల్సిందేమిటి? ముందు ఎర్రర్ పూర్తిగా చదవాలి. బ్రాకెట్లలో 13, పర్మిషన్ డినైడ్ అని ఉంటే మీరు సుడో పెట్టలేదు, అంతే. 11, రిసోర్స్ టెంపరరీలీ అనవైలబుల్ అని ఉంటే ఇంకెవరో పట్టుకున్నారు. 2020లో వచ్చిన ఆప్ట్ 2.0 నుంచి పట్టుకున్న ప్రాసెస్ నంబరు, పేరు కూడా చూపిస్తుంది. పేరు "అనటెండెడ్-అప్‌జీఆర్" అని తెగినట్టు ఉంటే కంగారుపడొద్దు. కెర్నెల్ ఆ పేరుకు 15 అక్షరాలే ఉంచుతుంది, అది ఆటోమేటిక్ అప్‌డేట్. ప్యాకేజ్‌కిట్‌డీ అని ఉంటే సాఫ్ట్‌వేర్ స్టోర్ లాంటిది వెనక పని చేస్తోంది. పేరు చూపించకపోతే సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్ కొట్టండి.

తర్వాత సుడో టెయిల్ -ఎఫ్ /వార్/లాగ్/ఆప్ట్/టర్మ్.లాగ్. లైన్లు కదులుతుంటే అది పని చేస్తోంది, వదిలేయండి. ఆప్ట్ 2.0 నుంచి "ఆప్ట్" కమాండ్ టెర్మినల్‌లో లాక్ దొరికేదాకా తనే కాచుకుంటుంది. ఆప్ట్-గెట్ కాచుకోదు. స్క్రిప్టుల్లో -ఓ డీపీకేజీ::లాక్::టైమౌట్=300 అని చేర్చితే 300 సెకన్లు ఆగుతుంది.

లైన్లు కదలకపోతే, ఆ ప్రాసెస్ నంబరు 3127 అనుకుంటే, పీఎస్ -ఓ పిడ్,స్టాట్,ఈటైమ్,సీఎండీ -పీ 3127 కొట్టండి. స్టాట్‌లో టీ ఉంటే ఎవరో కంట్రోల్+జెడ్ కొట్టి ఆపారు, ఆ టెర్మినల్‌లో ఎఫ్‌జీ అంటే మళ్లీ కదులుతుంది. ఎస్ ఉండి ఎంతకీ కదలకపోతే వేరే కిటికీలో ఏదో ప్రశ్నకు జవాబు కోసం ఎదురుచూస్తుండవచ్చు. కాన్ఫిగ్ ఫైల్ కొత్తది పెట్టాలా, పాతది ఉంచాలా అన్న ప్రశ్నే చాలాసార్లు. ఆ కిటికీ వెతికి జవాబివ్వండి. నిజంగానే ఆపక తప్పకపోతే ఉత్త కిల్ కొట్టి కొన్ని నిమిషాలు ఆగండి, -9 జోలికి పోవద్దు. ఆ తర్వాత సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ, సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్.

ఇప్పటికే ఫైళ్లు తీసేసి ఉంటే కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. నడుస్తున్నదాన్ని ముగియనిచ్చి సుడో డీపీకేజీ --ఆడిట్ కొట్టండి. /వార్/లాగ్/డీపీకేజీ.లాగ్‌లో ఆ రోజు ఎక్కిన ప్యాకేజీల పేర్లుంటాయి. వాటిలో డీపీకేజీ -ఎల్ చూపించని వాటిని ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్‌తో మళ్లీ ఎక్కించండి. స్టేటస్ ఫైలే చెడితే దాన్ని వేరేచోటికి కాపీ చేసి పెట్టుకుని, అదే ఫోల్డర్‌లోని స్టేటస్-ఓల్డ్ గానీ, /వార్/బ్యాకప్స్‌లోని డీపీకేజీ.స్టేటస్.0 గానీ దాని స్థానంలో పెట్టవచ్చు.

సాయం అడిగేటప్పుడు స్క్రీన్ ఫోటో పెట్టొద్దు. ఎర్రర్ మొత్తం టెక్స్ట్‌గా, మీరు కొట్టిన కమాండ్‌తో సహా పెట్టండి. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఇచ్చిన లైన్, పీఎస్ ఇచ్చిన లైన్, టర్మ్.లాగ్ చివరి 20 లైన్లు, డిస్ట్రో వెర్షన్ చేర్చండి. అవి అడగకుండానే ఆర్‌ఎం కమాండ్ ఇచ్చినవాళ్లను "లాక్ పట్టుకున్నది ఏ ప్రాసెస్?" అని అడగండి. ఇక సాయం చేసేవాళ్లు గమనించాల్సింది: అదే ఎర్రర్‌లో ఆప్ట్ స్వయంగా "ఎన్:" (N:) అని మొదలయ్యే ఒక లైన్ అచ్చువేస్తుంది. లాక్ ఫైల్ తీసేయడం పరిష్కారం కాదని, సిస్టమ్ పాడవచ్చని అందులోనే ఉంటుంది.