తొక్క నూనెలో యాంటీఆక్సిడెంట్ ఉంది సరే, ఎంత ఉంది?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఆరెంజ్ ఆయిల్ సీసాలు తెగ అమ్ముతున్నారు, రెండు చుక్కలు మొహానికి రాస్తే చాలు, యాంటీఆక్సిడెంట్ (అంటే ఆక్సిజన్ వల్ల జరిగే పాడుని ఆపేది), వయసు కనపడదు అని ఒకటే ఊదర. మొత్తం అబద్ధమని అనను గానీ, ఆ మాట ల్యాబ్‌లో పుట్టింది, మొహం మీద కాదు.

కమలా తొక్కని కొవ్వొత్తి మంట పక్కన మడిచి నొక్కితే చిటపటమని రవ్వలు లేస్తాయి కదా, ఆ చిమ్మేదే ఈ నూనె. అందులో తొంభై శాతం పైనే లిమోనీన్ అనే వాసన పదార్థం. ఇక యాంటీఆక్సిడెంట్ బలం కొలిచే టెస్ట్ ఏంటంటే, డీపీపీహెచ్ అనే పొడిని మిథనాల్‌లో కలిపితే ముదురు ఊదా రంగు వస్తుంది, దాంట్లో మన నూనె పోస్తారు, రంగు ఎంత పసుపుకి తిరిగితే అంత బలం ఉన్నట్టు, 517 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. లవంగ నూనెలో ఉండే యూజెనాల్ దీన్ని ఇట్టే తిప్పేస్తుంది, అది ఫినాల్ అనే రకం పదార్థం కాబట్టి డీపీపీహెచ్‌కి ఇవ్వడానికి హైడ్రోజన్ రెడీగా ఉంటుంది, అది అందితేనే రంగు తిరిగేది. లిమోనీన్‌కి ఆ సౌకర్యం లేదు, బాగా ఎక్కువ పోస్తే గానీ రంగు కదలదు. పేపర్లలో "డోసు పెంచితే ఎఫెక్ట్ పెరిగింది" అని రాస్తారు, ఆ డోసు ఎంతో ఎవరూ చూడరు, హెడ్డింగ్ మాత్రం ఫార్వర్డ్ అయిపోతుంది.

నిమ్మ తొక్క నూనె కాస్త నయం, దాంట్లో గామా టెర్పినీన్ అనే ఇంకో పదార్థం ఉంటుంది, అది తను ముందు ఆక్సిడైజ్ అయిపోతూ నూనెలు కనరెక్కే గొలుసుని మధ్యలో తెంపేస్తుంది. చిప్స్, నూనె ప్యాకెట్ల కంపెనీలకి ఇది నిజంగా పనికొచ్చే సంగతి.

మొహానికి అంటారా, అక్కడే తిరకాసు. మూత సరిగా పెట్టని సీసాలో లిమోనీన్ గాలి తగిలి హైడ్రోపెరాక్సైడ్లుగా మారుతుంది, చర్మానికి ఎలర్జీ తెచ్చేవి అవే, అంటే యాంటీఆక్సిడెంట్ అని కొన్నదే ఆక్సిడైజ్ అయి కూర్చుంటుంది! పైగా కోల్డ్ ప్రెస్ చేసిన నిమ్మ నూనె రాసుకుని మధ్యాహ్నం ఎండలో అవుటర్ రింగ్ రోడ్డు మీద బైక్‌పై వెళ్తే, దాంట్లోని ఫ్యూరనోకౌమరిన్లు అనే, ఎండ తగిలితే చర్మాన్ని దెబ్బతీసే పదార్థాల వల్ల చర్మం కమిలి నల్ల మచ్చలు పడొచ్చు. ఆవిరి పట్టి తీసిన నూనెలో ఈ బెడద దాదాపు ఉండదు, కానీ ఎలా తీశారో సీసా మీద రాసేవాళ్లేరి? వాసన కోసం డిఫ్యూజర్‌లో వేసుకుంటామంటే నాకేం అభ్యంతరం లేదు.

యాంటీఆక్సిడెంట్లలో అసలు సరుకు హెస్పెరిడిన్, నరింజిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల పదార్థాలు, అవి ఆవిరితో పైకి రావు, తొక్కలోనే ఉండిపోతాయి. జ్యూస్ సెంటర్ వాడు చెత్తబుట్టలో పడేసే బత్తాయి తొక్కల్లో, మన అమ్మమ్మలు సున్నిపిండిలో కలిపిన ఎండు తొక్కల పొడిలో, దబ్బకాయ ఊరగాయలో ఉన్నవి ఇవే. అలాగని ఊరగాయని మందు చేసేయకండి, హెస్పెరిడిన్‌ని పెద్దపేగులో బ్యాక్టీరియా విడగొడితే గానీ ఒంటికి పట్టదు, పట్టేదీ కొంచెమే. పరీక్షనాళికలో వచ్చిన నంబరుకీ ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదనే కదా, అమెరికా వ్యవసాయ శాఖ తన యాంటీఆక్సిడెంట్ స్కోర్ల పట్టికని 2012లోనే వెబ్‌సైట్ నుంచి తీసేసింది.