అరిసెల పక్కన మైకు ఎందుకు?

డిసెంబరు సేవా కార్యక్రమాల్లో మన సంఘం వాళ్లు వైజాగ్‌లో పెట్టిన పిల్లల ఆరోగ్య శిబిరం ఫొటోలు అందరూ చూసే ఉంటారు. బ్యానరు, శాలువాలు, జ్యోతి ప్రజ్వలన అన్నీ ఉన్నాయి. ఫొటోల్లోకి రానిది చెబుతాను. ఒక పిల్లాడి బరువు మైకులో చదివారు. కాసేపటికి వాడు రెండో అరిసెకి చెయ్యి చాపితే మన కమిటీ పెద్దాయన ఒకరు "ఈ నాలుకే కదా కొంప ముంచుతోంది" అన్నారు. హాలంతా నవ్వింది. వాడి నాయనమ్మ ఒక్కతే "ఎదిగీ గుంటడు గదా బాబూ, తిననీండి" అంది.

ఆవిడ మాటలో శాస్త్రం ఉంది. తీపి మీద ఇష్టం పుట్టుకతోనే వస్తుంది. ఉప్పు మీద ఇష్టం కొన్ని నెలలకి మొదలవుతుంది. రుచి, వాసనల మీద పరిశోధనలు చేసే, అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ 5 నుంచి 10 ఏళ్ల పిల్లల్నీ, వాళ్ల తల్లుల్నీ పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించింది. తల్లులకంటే పిల్లలు తీపీ ఉప్పూ రెండూ ఎక్కువ కోరారు. వయసుకి మించి ఎత్తున్న పిల్లలు ఇంకా ఎక్కువ తీపి కోరారు. (తీపి తింటే పొడుగవుతారని కాదు, దయచేసి వాట్సాప్‌లో అలా తిప్పకండి.) ఎదిగే ఒళ్లు శక్తిని అడుగుతోందని, అందుకే నాలుక అటు లాగుతుందని పరిశోధకుల ఊహ.

మాది మద్దిలపాలెం. బడి నుంచి రాగానే అమ్మ అనకాపల్లి బెల్లం ముక్క, గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లు చేతిలో పెట్టేది. ఆదివారం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్. పొట్లం అడుగున మిగిలిన ఉప్పూకారం కోసం అన్నయ్యా నేనూ కొట్టుకునేవాళ్లం. పదో తరగతిలో అన్నయ్య ఒక్కసారిగా పొడుగు సాగాడు. అమ్మ బెల్లం డబ్బా అటకెక్కిస్తే వాడూ అటకెక్కాడు. తిట్లు తిన్నాడు, కానీ అవి ఇంటి గడప దాటలేదు. అలాగని మన ఇళ్లన్నీ ఆరోగ్య నిలయాలేం కాదు. పెరుగన్నంలో పంచదార, పూటపూటా ఊరగాయ! నాన్న బీపీ మాత్రల్లో ఆ జాడీకీ వాటా ఉందనే నా అనుమానం.

పెద్దాయన భయమూ అబద్ధం కాదు. విడిగా కలిపే చక్కెరలు రోజువారీ శక్తిలో 10 శాతం దాటకూడదని, వీలైతే 5 శాతంలోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల పంచదార ఉంటుంది. మరి ఆ రోజు అరిసెల పక్కన కూల్‌డ్రింకులు బారులు తీర్చింది ఎవరు? మనమే కదా! వాడి నాలుకని తప్పుపట్టడం దేనికి?

వచ్చే డిసెంబరుకి ఆ కూల్‌డ్రింకుల డబ్బు జామకాయలకీ, ఉడికించిన వేరుశనక్కాయలకీ, మజ్జిగకీ మళ్లించండి. అరిసెలు ఉండనివ్వండి, కాస్త చిన్నవి చేయించండి. బరువు తెర చాటున చూసి, చీటీ మీద రాసి తల్లికి మాత్రమే ఇవ్వండి. తెర బట్ట ఖర్చు నాది. ఈ ఒక్క అంశం కమిటీ ఎజెండాలో చేర్చండి, చాలు.